మా ఇంట్లో ఎవరికీ రాలేదు

పక్షవాతం వచ్చినవాళ్ళ లెక్క రాసే పనిలో చేరాక నాకు ఊరందరి మీదా అనుమానమే. ఇంటింటికీ వెళ్ళి ఎవరికైనా వచ్చిందా అని అడగాలి. వచ్చి ఉంటే మెదడులో రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా, స్కానింగ్ కాగితం చూసి రాసుకోవాలి.

గడ్డకట్టే రకమే ఎక్కువని ట్రైనింగులో చెప్పారు. నా కాగితాల్లో మాత్రం చిట్లినవే ఎక్కువ తేలాయి. ఇంట్లో కూర్చుని రాశావా అని సూపర్‌వైజర్ నన్నే అనుమానించాడు. ఒళ్ళు మండింది. నరం చిట్లినవాళ్ళు పడిపోతారు, వీధంతా చూస్తుంది. గడ్డకట్టి మూతి కాస్త వంకరపోయినవాళ్ళను ఇంట్లోవాళ్ళే దాచేస్తున్నారు. ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 2 బస్తీలో ఏ గడప ఎక్కినా "కిసీకో నహీ హువా, దీదీ", ఎవరికీ రాలేదక్కా, అనేవారు. ప్లాంటు మెడికల్ పరీక్షలో పనికిరాడని తేలితే డ్యూటీ పోతుందని వాళ్ళ భయం.

అప్పుడు పావురాలు నా కంటబడ్డాయి. పావురం మాంసం తింటే పక్షవాతం తగ్గుతుందని మన తెలుగువాళ్ళూ నమ్ముతారు, ఇక్కడి హిందీవాళ్ళూ నమ్ముతారు. ఇంటిముందు మురిక్కాలువలో బూడిదరంగు ఈకలు కనబడితే చాలు, ఆ గుమ్మం వదిలేదాన్ని కాదు. సిగ్గులేకుండా వంటింట్లోకి కూడా తొంగిచూశాను.

ఒక ఆదివారం, రిసాలి కాలనీలో మా ఇంట్లోనే, అమ్మ గిన్నెడు కూర నాన్నకు మాత్రం వడ్డించింది. ఎముకలు కోడివి కావు. ఏమిటని అడిగితే, నీకెందుకే అని కసిరింది. చెంచా ముట్టని నాన్న చెంచాతో తింటున్నాడు, అదీ ఎడమ చేత్తో.

నాన్న ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. కరిగిన ఇనుమును మనుషుల నెత్తిమీదుగా మోసుకెళ్ళే క్రేన్. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉన్నాయి. చేతులు రెండూ చాపమన్నాను. కుడిచెయ్యి సగందాకా లేచి దిగిపోయింది. కింద పనిచేసేవాళ్ళ ప్రాణాల సంగతేమిటని అరిచాను.

"నానేటి అంత పాపిష్టోడినా?" అన్నాడు నాన్న. అసలే మాట తక్కువ మనిషి, ఆ మాట కూడా ముద్దగా వచ్చింది. "చెయ్యి లెగనప్పుట్నుంచీ క్రేనెక్కనేదు. నడుంనొప్పని చెప్పి కిందే కూకుంటన్నాను."

నాకు సిగ్గేసింది. అయినా ఎప్పటినుంచని అడిగాను.

"పదకొండ్రోజులయింది."

మర్నాడు స్కానింగులో గడ్డేనని తేలింది. దాన్ని కరిగించే మందు మొదటి కొన్ని గంటల్లోనే పడాలి. మా ఇంట్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పదకొండు రోజులూ పొద్దున్నే నాన్న ఎడమ చేత్తో అందించిన టీ తాగి, ఎవరింట్లో ఎవరిని దాచారో పట్టుకోవడానికి పోయాను.