నా చెయ్యి మంచిదన్నారు

నలభై ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. "లేదు" అన్న మాట. దవాఖానలో యాకూబ్ మంచం పక్కన నిలబడి ఆ మాట అన్నాను.

పెన్సిలిన్ సూది చేతిలో పట్టుకుని డాక్టరు అడిగాడు. "ఇంతకుముందు ఈయనకు ఏ మందైనా పడకుండ అయిందా? మందుకు ఒంటిమీద దద్దుర్లు గిట్ల లేచినయా?"

యాకూబ్ జ్వరంతో కలవరిస్తున్నాడు. అతని భార్య ఖాజాబీ నావైపు చూసింది. "నాకేం తెలుస్తది సారూ. పేపరన్న చెప్తడు."

"లేదు," అన్నాను.

సూది తీసిన కాసేపటికే యాకూబ్ పెదవులు ఉబ్బాయి. ఊపిరి అందలేదు. డాక్టరు పరుగులు పెట్టాడు. ఫలితం లేకపోయింది.

డెబ్బైల చివర నేను కొత్తవాడ అనే నేతగాళ్ల పేటలో అద్దెకుండేవాణ్ణి. ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. గోడ అవతల యాకూబ్ జంపఖానాలు నేసేవాడు. నాకు జ్వరం తగ్గాక మిగిలిన గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్లు, మూడు ఒకసారి అతని దగ్గుకు ఇచ్చాను. తగ్గింది.

"డాక్టరు కాడ లైన్ల నిలబడాలె. నువ్వయితే గోడ దుంకితే దొరుకుతవ్," అని నవ్వాడు. "నీ చెయ్యి మంచిదన్నా. పేపర్ల రాసేటోనికి తెల్వంది ఏముంటది?"

ఆ మాట వాడంతా పాకింది. జనం మందుల దుకాణంలో రెండేసి మాత్రలు కొని, మింగేముందు నా దగ్గరికి తెచ్చేవారు. నా అరచేతిలో పెట్టి, మళ్లీ నా చేతి మీదుగానే తీసుకునేవారు. మొదట సిగ్గుపడ్డాను. తర్వాత, ఎవరూ రాని రోజున గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టాను. నేను డాక్టర్నా? కాదు. మరి తలుపెందుకు మూయలేదు?

యాకూబ్ రెండోసారి అవే రకం మాత్రలు నా చేతి మీదుగా మింగాడు. తెల్లారేసరికి ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. ఖాజాబీ గుమ్మానికి వేపమండలు కట్టింది. "అమ్మవారు పోసింది," అంది. అది అమ్మవారు కాదని నాకు తెలుసు. ఆ గొట్టం మాత్రలు పెన్సిలిన్ జాతివి. పెన్సిలిన్ జాతి మందులు కొందరికి పడవని, దద్దుర్లు లేచాక మళ్లీ ఇస్తే ప్రాణమే పోవచ్చని ఒక డాక్టరు చెబితే అంతకు కొన్ని నెలల ముందే వార్త రాసినవాణ్ణి నేనే. అయినా వేపమండలు చూస్తూ ఊరుకున్నాను. నిజం చెబితే నా చెయ్యి చెడ్డదవుతుంది. ఆ తర్వాత దవాఖానలోనూ అదే భయం. డాక్టరు ముందు, ఖాజాబీ ముందు, నేనిచ్చిన మాత్రల సంగతి బయటపడుతుందన్న భయం. అంత చిన్న భయానికి ఒక మనిషి పోయాడు.

నలభై దినాలు దాటాక ఖాజాబీ వచ్చింది. ఆమె వెనక, జ్వరంతో వణుకుతున్న చెల్లెలు.

"నీ చేతి మీదికెల్లే ఇయ్యాలె అన్నా. ఆయన ఆయుష్షు అంతే ఉండె. నీ చెయ్యి మాత్రం మంచిదే."

చెప్పాల్సిన సమయం అదే. నోరు తెరవలేదు. చెయ్యి తెరిచాను. ఆమె రెండు మాత్రలు నా అరచేతిలో పెట్టింది. చెల్లెలు వాటిని తీసుకుంటుంటే నా చెయ్యి నాది కాదనిపించింది, ఎవరిదో నా మణికట్టుకు అతికించినట్టు. ఆ పిల్ల బతికింది. దాంతో జనం ఇంకా పెరిగారు. గుమ్మం ముందు నిలబడేవారు, మాత్రలు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు. ఆరు నెలలకు ఇల్లు ఖాళీ చేశాను.

ఇది చదివే మీరు నన్ను క్షమించక్కర్లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఖాజాబీ ఇంకా కొత్తవాడలోనే ఉంది. ఆమె భర్త దేనివల్ల పోయాడో ఈ రోజు వరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు.