విప్పి చూడని జవాబు పేపర్లు

నా చిన్నప్పుడు రేపల్లెలో మా ఇంటికి ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు అన్నాలు ఆలస్యమయ్యేవి. ముందు నాన్న మార్కులు పైకి చదవాలి, ఆ తర్వాతే వడ్డన. ఏడో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో నాకు అన్నీ నలభైలూ యాభైలే. లెక్కల్లో ముప్పయ్యారు. తప్పలేదు, అలాగని చెప్పుకోదగ్గవీ కావు.

"ఈ మార్కులకి బెంచీ అరగదీయడం ఎందుకు? తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో పడుండు" అని నాన్న కార్డు నా ఒళ్లోకి విసిరేశారు. సంతకం లేకపోతే సోమవారం క్లాసులోకి రానివ్వరు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడిందే గానీ నోరు మెదపలేదు. నోరు మెదపని తల్లుల్ని శాంతమూర్తులని పొగిడేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లుమంట.

మర్నాడు ఆదివారం. పక్కింటి అక్క దగ్గరికి పోయి ఏడ్చాను. అక్కకి అప్పటికి పద్దెనిమిదేళ్లుంటాయేమో. ఎనిమిదో తరగతి తప్పిందని వాళ్లింట్లో బడి మాన్పించారు. ఏడవకని ఓదార్చలేదు. "కార్డు నాకెందుకే? పేపర్లు పట్రా" అంది. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తాలూకా ఆఫీసులో రోజంతా ఊరివాళ్ల దరఖాస్తుల్లో తప్పులు వెతికే మా నాన్నకి కూడా.

బియ్యం ఏరుతున్న చేట పక్కనే లెక్కల పేపరు పరుచుకుని చూసింది. "భిన్నాలు తగిలిన ప్రతిచోటా బోల్తాపడ్డావు. మిగతావి బానే చేశావుగా! భిన్నాలు చెప్పేటప్పుడు ఎక్కడ చచ్చావే?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదో తరగతిలో ఉండగా అమ్మ పురిటికి బాపట్ల వెళ్తే తోడుగా నన్నూ పంపారు. రెండు నెలలు అమ్మమ్మగారింట్లో తమ్ముడి గుడ్డలు ఉతికాను, ఉయ్యాల ఊపాను. పురిటికి పెద్దపిల్లని తోడు పంపడం మా ఇళ్లలో మామూలే. ఆ రెండు నెలల పాఠాలు ఏమయ్యాయని అడగడం మాత్రం మామూలు కాదు.

అక్క నా చెయ్యి పట్టుకుని నాన్న ముందుకి లాక్కుపోయింది. "బాబాయ్, దీనికి పోయింది భిన్నాలేనండి. అవి చెప్పినప్పుడు ఇది పిన్ని పురిట్లో ఉంది. పంపింది మీరే కదండీ."

"ఎనిమిది తప్పినదానివి, నువ్వా నాకు చెప్పొచ్చేది?"

"తప్పాను కాబట్టే చెప్తున్నానండి. నా పేపర్లు ఎవరూ విప్పి చూళ్లేదు. పొయ్యిలోకి పోయినయ్."

నాన్న సంతకం పెట్టారు. పెట్టి, అక్క వెళ్లాక, ఇంకోసారి వాళ్ల గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నారు. తప్పు తనదని తెలిసిన మగవాడు చేసే మొదటి పని, అది చూపించినవాళ్లకి తలుపు వెయ్యడం.

అక్క ఊరుకోలేదు. రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద బియ్యం కొలిచే సోలా, గిద్దే పెట్టేది. గిద్దెతో బియ్యం సోలలో పోస్తూ, "నాలుగు పోస్తే నిండింది. మూడే పోస్తే ఎంతే?" అనేది. నేను ఇవతల బట్టలారేస్తున్నట్టు నటిస్తూ జవాబు చెప్పేదాన్ని. భిన్నాలు నాకలా వచ్చాయి.

పెద్దపరీక్షలో లెక్కల్లో యాభై ఎనిమిది వచ్చింది. "మిగతా నలభై రెండూ ఎవరికిచ్చొచ్చావు?" అన్నారు నాన్న. అక్కకి చూపిద్దామంటే అప్పటికే పెళ్లై తెనాలి వెళ్లిపోయింది. నేను డిగ్రీ పూర్తిచేసినప్పుడు, అదంతా తన క్రమశిక్షణ చలవేనని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. అమ్మ వాళ్లకి కాఫీలు అందించింది.

మా అమ్మాయి ఏడో తరగతిలో నలభైలు తెచ్చిన రోజు నా నాలుక చివరిదాకా ఆ బెంచీ మాటే వచ్చింది. నేనూ ఆయన కూతుర్నే కదా. మింగేసి, పేపర్లు తెమ్మన్నాను. అది తెచ్చేలోగా గోడమీది క్యాలెండరు దించి, ఆ ఏడు దాన్ని బడికి పంపని రోజులు లెక్కపెట్టాను. పదకొండు. మా అత్తగారి కాలు విరిగినప్పుడు, మంచం దగ్గర కూచోమని ఆపింది నేనే.