వదిన ఇంట్లో పెట్టిన సంచి

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపేవాళ్లకు సెలవు దొరికేది మూఢంలోనే. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, పట్టుచీర కొనే మనిషి ఉండదు. ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. మిగతా ఏడాదంతా అన్నం తినడానికి కూడా వంతులే. అందుకే నేను మారిషస్ ప్రయాణానికి కావాలనే మూఢం రోజులు ఎంచుకున్నాను. ఇందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. మా అత్తమ్మకు మాత్రం అర్థం కాలేదు.

“మూఢంల ఎవలన్న సముద్రం దాటుతరా?” అంది.

“మంచి ముహూర్తాలల్ల అందరి పెళ్లిళ్లకు చీరలమ్మాలె. మూఢంల పోవద్దు. ఇగ ఎప్పుడు పోవాలె అత్తమ్మా?” అన్నాను.

“పోకుంటే ఏమైతది?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదనుకుంది. ఉంది. చెప్పినా వినరని చెప్పలేదు.

నాకు సముద్రాన్ని చూడాలని లేదు. అదైతే వైజాగ్‌లో చూశాను. బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు మా వాళ్లంతా నీళ్లలోకి పరిగెత్తారు, నేను అందరి చెప్పులూ ఫోన్లూ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. “నువ్వు దిగవా?” అని ఒక్కరూ అడగలేదు. చీర అంచు తడిసింది. అదే నా సముద్రస్నానం. ఈసారి నాకు దిగాలని ఉంది. తల మునిగేదాకా దిగి, చేతులు బారజాపి ఈదాలని ఉంది.

ఎందుకంటే నాకు ఈత వచ్చు. పోచంపల్లి పక్కన మా ఊళ్లో మగ్గం గుంటలో నాన్న, దారం చుట్టే ఆసు దగ్గర అమ్మ కూర్చుని ఉండగా, నేను వ్యవసాయ బావిలో ఉండేదాన్ని. ముందు నడుముకు బెండ్లు కట్టుకుని నేర్చుకున్నాను, తర్వాత బెండ్లు లేకుండా గట్టు మీద నుంచి దూకాను. పెద్దమనిషినైన రోజు నుంచి బావి దిక్కు పోవద్దన్నారు. ఎందుకని అడిగితే వీపు మీద ఒకటి పడింది. నా తర్వాత పుట్టిన తమ్ముడు మాత్రం నా కళ్ల ముందే బావికి పరిగెత్తేవాడు. బావిలో ఎవరో దూకిన చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు యాభై దాటాయి, ఆ మంట అట్లాగే ఉంది.

ఎల్బీ నగర్‌లో మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంది. అక్కడ కూర్చునే ఆవిడది గుంటూరు వైపు. “హనీమూన్ ప్యాకేజా అండీ, ఫ్యామిలీ ప్యాకేజా?” అని అడిగింది. మా ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ కంప్యూటర్‌లో ఒక్కొక్క రిసార్టూ చూపిస్తుంటే ప్రతిదానికీ ఆయన ఒకటే ప్రశ్న.

“అన్నం దొరుకుతదా?”

“దొరుకుతుందండీ. ఇండియన్ బఫే ఉంటుంది.”

“పప్పు?”

“అదీ ఉంటుందండీ.”

“మన పప్పు లెక్కనే ఉంటదా?”

ఆవిడ ఓపికకు దండం పెట్టాలి. నేనైతే అక్కడే లేచి వచ్చేదాన్ని. రెండు విమానాలు మారి, ఇంత సముద్రం దాటి పోయేది పప్పు తినడానికా? చివరికి ఒక రిసార్టు చూపించింది. గది వెనక తలుపు తీస్తే చెక్కమెట్లు, ఆ మెట్ల కింద నీళ్లు. నేను ఇంకేమీ చూడలేదు. “ఇదే” అన్నాను. మా ఆయన “నీ ఇష్టం” అన్నాడు. ఆయన నోట్లో నీ ఇష్టం అంటే, రేపు ఏదన్నా తేడా వస్తే నీదే పూచీ అని అర్థం. మా పెళ్లయినప్పటి నుంచి నా ఇష్టాలన్నీ అట్లాగే నెరవేరాయి.

తర్వాత ఈతబట్టలు. కొత్తపేటలో ఒక దుకాణానికి వెళ్తే సేల్స్ అమ్మాయి “పాపకా మేడం?” అంది. “అవును. యాభై దాటిన పాపకు” అన్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, మోచేతులదాకా, మోకాళ్లదాకా ఉండే ముదురు నీలం డ్రెస్ ఒకటి తీసిచ్చింది. చీరలో కనిపించే నడుం కూడా అందులో కనిపించదు. అయినా దాన్ని దొంగసొత్తు లెక్క ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. మా ఇంట్లో నా బీరువాకు తాళం ఉండదు. తాళం వేస్తే ఎందుకు వేశావని అడుగుతారు. తెరిచి సర్దే హక్కు అత్తమ్మది.

ఇంతలో అత్తమ్మ పంతులుగారిని పిలిపించింది. ప్రయాణం ఆపించాలని ఆమె ఆశ. ఆయన పంచాంగం తిరగేసి, మూఢం పడకముందే ప్రస్థానం పెట్టేయండమ్మా, దోషం ఉండదు అన్నాడు. మంచి గడియలో మనిషి బయల్దేరలేకపోతే, ఆ మనిషి బట్టలు ఒక సంచిలో పెట్టి వేరే ఇంట్లో ఉంచడమే ప్రస్థానం. బట్టలు గడప దాటాయంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. అసలు ప్రయాణం రోజున ఆ సంచిని అక్కడి నుంచే తీసుకుపోవాలి. మళ్లీ ఇంటికి తేకూడదు.

“సంచి ఇంటికి తిరిగొస్తే అరిష్టం. యాదిల పెట్టుకో” అని అత్తమ్మ నాకు పదిసార్లు చెప్పింది. యాదిలో పెట్టుకున్నాను.

మా ఆయన చొక్కా ఒకటి, నా చీర ఒకటి సంచిలో పెట్టమంది. నేను ఆ చీర మడతల్లో ఈతబట్టలు దాచాను. ఇంట్లో దాచడానికి చోటు లేదు, ప్రస్థానం సంచిని ఎవరూ ముట్టరు. నా తెలివికి నేనే మురిసిపోయాను. సంచిని వనస్థలిపురంలో మా వదిన ఇంట్లో దించి వచ్చాం. వదినంటే మా ఆయన అక్క. భర్త పోయి చాలా ఏళ్లయింది, కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. మా కొట్టులో అమ్మే చీరలకు ఫాల్స్ కుట్టేది ఆమే. మాట తక్కువ. మా ఇంట్లో ఏ గొడవ జరిగినా ఆమె ఒక మూల కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉంటుంది.

ప్రయాణం ఇంకా కొద్ది రోజులుందనగా ఒక మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసింది. కొట్లో ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూస్తున్నారు. మా ఆయన చేతిలో చీర ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

“సంచి తెరిసిన్రంటరా! మీ అక్క కోడలు ఫోటో పంపింది. డాబా మీద తీగకు ఏందో ఏలాడుతున్నది. గవి బట్టలా? ఎవలేసుకుంటరు గసుంటియి? ప్రస్థానం చెడ్డది. ఇగ పోవుడు లేదు, గీవుడు లేదు.”

చీరలు చూస్తున్న ఇద్దరూ తలలు ఎత్తారు. నాకు సిగ్గు వేయలేదు. కోపంతో చెవులు దిబ్బళ్లు పడ్డాయి. మా ఆయన ఫోన్ కట్ చేసి, చీర మడత పెట్టి, నా మొహం చూడకుండా అన్నాడు.

“ఒచ్చే ఏడు చూద్దాంలే.”

ఆ వచ్చే ఏడు నాకు బాగా తెలుసు. దాని పేరు చెప్పి నన్ను చాలాసార్లు కూర్చోబెట్టారు. పిల్లల చదువులప్పుడు వచ్చే ఏడు, కొట్టు పెద్దది చేసినప్పుడు వచ్చే ఏడు, మామయ్యకు బాగాలేనప్పుడు వచ్చే ఏడు. అప్పుడు ఊరుకున్నాను, ఎందుకంటే కారణం కనిపించింది. ఇప్పుడు కారణం ఏమిటి? తీగ మీద ఆరేసిన ఒక గుడ్డ.

స్కూటీ తాళాలు తీసుకున్నాను. కొత్తపేట దాటి ఎల్బీ నగర్ చౌరస్తా వచ్చేదాకా వదినను తిట్టాల్సినవన్నీ వరసగా పేర్చుకున్నాను. ఎవరు తెరవమన్నారు? తెరిచినా, పరాయి మనిషి బట్ట బయటికి తీసి, తడిపి, ఊరందరికీ కనిపించేట్టు ఆరేస్తారా? తమ్ముడి భార్యను అల్లరిపాలు చేస్తే ఏం వస్తుంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాకు తెలియకుండానే పైకి తిడుతున్నానేమో, పక్క ఆటోవాడు “ఏంది మేడం?” అన్నాడు. “నిన్ను కాదు” అన్నాను.

వదిన ఒక్కతే ఉంది. మిషన్ మీద పచ్చ చీరకు ఫాల్ కుడుతోంది. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లారు. నా ఈతబట్టలు మంచం మీద మడత పెట్టి ఉన్నాయి.

“నా సంచి ఎందుకు తెరిసినవ్ వదినా?”

“సకినాలు పెడదామని తెరిసిన. ఆడ తిండి దొరకదని తమ్ముడు అంటుండె గదా.”

“పెట్టి మూస్తే అయిపోతుండె. బట్టలెందుకు తీసినవ్? తీస్తే తీసినవ్, ఉతుకుడెందుకు? డాబా మీద ఆరేసుడెందుకు? నీ కోడలు ఫోటో తీసి పంపె. కొట్ల మందిల నా ఇజ్జత్ తీసిన్రు. నీకేం చేసిన నేను?”

వదిన మిషన్ ఆపింది. సూది కింద నుంచి చీర అంచు తీసి పక్కన పెట్టింది.

“ఉతకలే” అంది. “ఏసుకున్న.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“నిన్న పొద్దుగాల వీళ్లు పోయినంక, బాత్‌రూంల తలుపేసుకొని ఏసుకున్న. షవర్ ఇడిసి కింద నిలవడ్డ. జర బిగువైంది, పక్కపొంటి కుట్టు పోయింది. మల్ల కుట్టిన. కనవడదులే.”

వదిన తల ఎత్తి నన్ను చూసింది. ఆమె అంత సూటిగా చూడటం నేను అంతకుముందు ఎరగను. ఆ చూపులోనూ కోపమే ఉంది.

“నువ్వొక్కదానివే ఈతకొట్టినవా బావిల? మా ఊర్ల నా అంత లోతు మునిగేటోళ్లు లేకుండె. అడుగుకు పోయి మన్ను పట్టుకొస్తుంటి పిడికిట్ల. మొగపిలగాండ్లు సుత ఒడ్డుకే ఉంటుండె.”

ఇన్నేళ్లలో ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆమెను అడిగేదల్లా ఫాల్ అయిందా, ఎప్పటికి ఇస్తావు అనే. నాకు ఆమె మీద కోపం పోయింది. మిగతా అందరి మీదా రెట్టింపయింది. అక్కడే మంచం మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను.

“అత్తమ్మకు చెప్పుండ్రి. ప్రస్థానం పెట్టిన సంచి ఇంటికి తిరిగి రావొద్దన్నది ఆమెనే. సంచి ఈడ్నే ఉన్నది. నేను సుత ఈడ్నే ఉంట. నేను బయల్దేరిన. మీరొస్తే ఎయిర్‌పోర్టుకు రాండ్రి, లేకుంటే కొట్టు చూసుకోండ్రి.”

అప్పటికే ఆయన ఇంటికి చేరినట్టున్నాడు, అవతల అత్తమ్మ ఫోన్ లాక్కుంది. “సంచి తెరిసిన్రు గదనే!”

“తెరిసింది నీ బిడ్డనే అత్తమ్మా. ఎందుకు తెరిసిందో నీ బిడ్డనే అడుగు” అన్నాను. ఆమె అడగదని నాకు తెలుసు. అడగలేదు కూడా.

ప్రయాణం రోజుదాకా వదిన దగ్గరే ఉన్నాను. బట్టలు లేకపోతే ఆమె చీరలే కట్టుకున్నాను. “నువ్వు సుత రా” అంటే నవ్వింది. ఆమెకు పాస్‌పోర్టు లేదు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ ఉన్నాయి. ఆమె ఈ ఇల్లు దాటి ఎక్కడికైనా పోతుందని ఎవరికీ తట్టలేదు, చివరికి పాస్‌పోర్టు ఫారాలు దగ్గరుండి నింపించి, మా ఇంట్లో అందరికీ తీయించిన నాకు కూడా.

మా ఆయన ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. ఒక చేతిలో సూట్‌కేసు, రెండో చేతిలో అట్టపెట్టె. అందులో చిన్న రైస్ కుక్కర్ ఉంది. “అమ్మ పెట్టింది” అన్నాడు. మొదటి విమానం దిగేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. రెండో దాంట్లోనూ అవసరమైనంతే మాట్లాడాను.

రిసార్టు ఫోటోలో ఉన్నట్టే ఉంది. పప్పు కూడా ఉంది. తెల్లారి ఆయన గదిలో కుక్కర్‌కు సరిపడే ప్లగ్గు కోసం వెతుకుతుంటే నేను వెనక తలుపు తీసి మెట్లు దిగాను. ఉప్పునీళ్లు కళ్లలో మండాయి. బావి నీళ్లు ఇట్లా మోయవు, ఈ నీళ్లు మనిషిని పైకి నెడతాయి. కాసేపు చేతులు తడబడ్డాయి, తర్వాత వాటికే గుర్తొచ్చింది. ఈదుతుంటే నడుం పక్కన వదిన వేసిన కుట్టు వేలికి తగిలింది. ఆమె చెప్పినట్టే కంటికి కనిపించదు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. మళ్లీ కోపమే వచ్చింది, ఆ కోపంతోనే ఊపిరి బిగబట్టి కిందికి మునిగాను. రెండుసార్లు నీళ్లు పైకి నెట్టేశాయి. మూడోసారి అడుగు చేతికి అందింది, పిడికెడు ఇసుకతో పైకి వచ్చాను.

వచ్చాక మా ఇంటికి వెళ్లకముందే వనస్థలిపురం వెళ్లాను. వదిన మిషన్ మీద ఉంది. కవరు విప్పి ఆ ఇసుకను ఆమె అరచేతిలో పోశాను. ఆమె వేళ్లతో నలిపి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“అడుగుదేనా? ఒడ్డు మీదిదా?”

“అడుగుదే. నేనే మునిగి తెచ్చిన.”

“ఎంత లోతు?”

నేను లేచి నిలబడి, నా తల మీద చెయ్యి చాపి ఇంత అని చూపించాను. వదిన ఆ చెయ్యి వైపు చూసి, ఇసుకను పిడికిట్లో గట్టిగా మూసింది.

“గంతేనా?” అంది.