పన్నెండు పులసలు

సీడీలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, రాజమండ్రిలోని నా టేప్ రికార్డర్ల రిపేరు షాపుకి రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు వచ్చి కూర్చునేవారు. వణికే కుడిచేతిని జేబులోంచి తీసేవారు కాదు. ఎవరడిగినా “బొమ్మలు మానేశానయ్యా” అనేవారు.

ఒకరోజు గుండ్రటి అట్టడబ్బా తెచ్చారు. చుట్టూ సన్నటి నిలువు సందులు, లోపలి గోడకి వరసగా ఈదే పులస చేప బొమ్మలు పన్నెండు. గీతలన్నీ వంకర్లే. “దీనికో పాత మోటారు బిగించు. నవ్వకేం” అన్నారు.

బిగించి తిప్పాను. సందుల్లోంచి చూస్తే బొమ్మలన్నీ కలిసి ఒక్క పులసై కదులుతున్నాయి, కానీ అది తోకవైపుకి పోతోంది. “గోదాట్లో పులస ఎదురీదాలి గానీ, వెనక్కి పోతుందేంటండీ!” అని మోటారు వైర్లు మార్చాను.

ఈసారి ముందుకి ఈదింది. దాని ఒంటి చుట్టూ నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. “నీళ్ళు భలే వేశారు మాస్టారూ!” అన్నాను.

“నీళ్ళు నేను వెయ్యలేదయ్యా” అంటూ ఆయన జేబులోంచి చెయ్యి తీసి చూసుకున్నారు.