కరెంటు కంపెనీలో పాలు పొంగిన రోజు

ఆ రోజు కరెంటు పోయిందని అందరూ చెప్తారు. పోలేదు. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగరకుండా కాలితో తొక్కిపట్టుకుని నిలబడ్డాను. కరెంటు పోయి ఉంటే నాకా తిప్పలెందుకు? ఇంకొందరు ఉన్నారు, నాతో పనిచేసినవాళ్ళే. కరెంటు ఉంది గానీ మేడం స్విచ్చి వెయ్యడం మర్చిపోయింది అంటారు వాళ్ళు. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసినదాన్ని, స్విచ్చి నొక్కితే పొయ్యి వేడెక్కుతుందని నాకు తెలియదా? అయినా ఇన్నేళ్ళూ ఆ మాట పడి ఊరుకున్నాను. నన్నెరిగినవాళ్ళకి అదే పెద్ద వింత. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, నోరు విప్పితే ఎవరి ఉద్యోగమూ పోదు కాబట్టి చెబుతున్నాను.

తొంభైల చివరి మాట. సముద్రపు ఒడ్డున కరెంటు తయారుచేస్తామంటూ వచ్చిన కంపెనీ మాది. వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద ఆఫీసు, కింద ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు. బస్తాలు దింపిన రోజున మేనేజరు దగ్గర్నుంచి అటెండరు దాకా వరసగా తుమ్మేవాళ్ళం. బొంబాయి నుంచి ఫోన్ చేసే పెద్దమనిషి ఏడాది పొడుగునా "మీ జలుబు ఇంకా తగ్గలేదా" అని నన్ను పరామర్శించాడు. మిరపకాయలని చెబితే కంపెనీ పరువు పోతుందని మేనేజరు చెప్పనివ్వలేదు.

అందుకని ఒక్క బల్బు వెలిగేపాటి కరెంటైనా తయారు చెయ్యకముందే సొంత ఆఫీసు కట్టడం మొదలుపెట్టాం. మధురవాడ దాటాక, హైవే నుంచి లోపలికి, ఎర్రమట్టి నేలలో. "ఊరు అటే పెరుగుతోంది మేడం" అన్నాడు మేనేజరు. అప్పటికి అటు పెరుగుతున్నవి జీడిమామిడి చెట్లే.

వారానికి ఒకసారి సైటు చూసి రావడానికి నన్ను వేశారు. సివిల్ పని తెలిసినదాన్నని కాదు, కాంట్రాక్టరుతో దెబ్బలాడడానికి నాకన్నా తగిన మనిషి ఆఫీసులో దొరక్క. విజయనగరం బస్సెక్కి వెళ్ళి, దిగిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కేదాకా దెబ్బలాడేదాన్ని. ప్లానులో ఛైర్మన్‌గారి గదికి రెండు బాత్‌రూములు ఉన్నాయి, ఆడవాళ్ళకి ఒక్కటీ లేదు. "ఆడవాళ్ళు ఇద్దరే కదండీ మేడంగారూ" అన్నాడు కాంట్రాక్టరు. "ఛైర్మన్‌గారు ఒక్కరే కదండీ" అన్నాను. మూడో వారానికి మాకో బాత్‌రూము లేచింది. తలుపు మాత్రం బయటికి తెరుచుకునేది, దారినపోయేవాడి ముక్కుకి తగిలేటట్టు. అది నా మీద కసితోనే పెట్టించాడని నా నమ్మకం.

దెబ్బలాట అయ్యాక టీ తాగడానికి వాచ్‌మన్ పాకలోకి వెళ్ళేదాన్ని. భార్యాభర్తలిద్దరిదీ శ్రీకాకుళం వైపు పల్లె, సాగు గిట్టక పనికి వచ్చారు. అతను సిమెంటు కాసేవాడు, ఆమె గోడలు తడిపేది. వాళ్ళ పిల్ల మధురవాడ బడిలో ఎనిమిదో తరగతి. ఎక్కడ కట్టుబడి ఉంటే అక్కడికి వెళ్ళడమే బతుకు గనుక అప్పటికే మూడు బళ్ళు మారింది.

"బిల్డింగయిపోతే మమ్మల్ని మళ్ళా ఎక్కడికో తోలీస్తాడమ్మా కంట్రాక్టరు" అంది వాచ్‌మన్ భార్య ఒకరోజు టీ వడగడుతూ. "గుంటకి ఈ బడి కలిసొచ్చింది. లెక్కల్లో ఫస్టంట. ఈసారి మారిస్తే నాను బడికెల్లను, నీతోటి గోడలు తడుపుతానంతంది. ఇక్కడే ఏదో పని సూడు తల్లీ. నీకు నోరుంది గదా."

నోరుంది. మేనేజరు దగ్గర దాన్ని మూడు నెలలు వాడాను. కొత్త ఆఫీసులో క్యాంటీను పెడతారు కదా, ఆ పని ఆమెకిమ్మన్నాను.

"సైటు మనుషులు ఆఫీసుకి పనికిరారు మేడం. ఏజెన్సీ వాళ్ళొస్తారు, యూనిఫాం ఉంటుంది."

"యూనిఫాం నేను కుట్టిస్తాను."

"మీరు ప్రతిదానికీ వాదిస్తారు."

"ప్రతిదానికీ మీరు కాదంటారు కాబట్టి."

ఓడిపోయాను. బాత్‌రూము గెలిచినంత తేలిక కాదు మనిషికి ఉద్యోగం గెలవడం. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆమే నన్ను ఓదార్చింది. "పోన్లేమ్మా. నువ్వేటి సేస్తావు" అంది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇక ప్రవేశం రోజు. పాలు పొంగించాలి కదా. గ్యాసు పొయ్యి తెప్పిస్తానన్నాను. ఛైర్మన్‌గారు హైదరాబాదు నుంచి ఫోన్‌లోనే వద్దన్నారు. కరెంటు కంపెనీలో పాలు కరెంటు పొయ్యి మీదే పొంగాలన్నారు. ఆ మాట విని పంతులుగారి మొహం మాడిపోయింది. "అగ్ని లేకుండా పొంగించడం నా సర్వీసులో లేదమ్మా" అని నాతో అన్నారు, ఆ తప్పు నాదైనట్టు. వాచ్‌మన్ భార్యకి ఇంకో సందేహం.

"మంటే నేని పొయ్యి మీద పాలేటి పొంగుతాయమ్మా?"

"తీగ ఎర్రగా కాలుతుంది. చూద్దువు గాని."

సమస్య ఎక్కడొచ్చిందంటే, పొయ్యి ఆగ్నేయమూలే ఉండాలన్నారు పంతులుగారు, ఎలక్ట్రీషియనేమో ఆ మూల ప్లగ్గు పాయింటే పెట్టలేదు. హాలు బయట వెనక వరండాలో పాయింటు ఉంది. అక్కణ్ణుంచి పొడుగాటి వైరు లాగి, షామియానా గుడ్డ వెనకగా హాల్లోకి తెచ్చి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టాం. ఆ వెనక వరండాలోనే ఇప్పుడు వాచ్‌మన్ కుటుంబం ఉంటోంది. ఛైర్మన్‌గారు వస్తున్నారు, చూడ్డానికి బాగోదని రెండు రోజుల ముందే వాళ్ళ పాక పీకించేశారు. మూడు ఇటుకల పొయ్యి, సామాను మూట, నీళ్ళ డ్రమ్ము, అన్నీ గుడ్డ వెనక.

ముహూర్తానికి పది నిమిషాల ముందు నేనే వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. ప్లగ్గు పాయింటులో ఉంది, స్విచ్చి వేసి ఉంది. ఆమె మిగిలిన పనివాళ్ళకి టీ కాచడానికి ఇటుకల పొయ్యిలో సరుగుడు కర్రలు రాజేస్తోంది. "ఈ వైరు జోలికి ఎవరూ రాకుండా చూడు" అన్నాను. తలూపింది. నేను హాల్లోకి వచ్చేశాను.

ఛైర్మన్‌గారి భార్య కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోసి, పొయ్యి మీద పెట్టింది. నేను బాక్సు మీద స్విచ్చి నొక్కాను. టప్పుమన్న చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. నలభైమంది వంగి ఆ చుట్టల తీగ కేసి చూశాం. నల్లగా ఉన్నది నల్లగానే ఉంది. ఛైర్మన్‌గారు ఓల్టేజీ తక్కువేమో అన్నారు. ఎలక్ట్రీషియను పొయ్యిని గుద్దాడు. మేనేజరు అందరికీ వినబడేటట్టు "మేడం, స్విచ్చి వేశారా?" అన్నాడు. అదిగో, కథ అక్కడ పుట్టింది.

"ముహూర్తం దాటడానికి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉంది" అన్నారు పంతులుగారు. ఆయన గొంతులో నాకు బాధేమీ వినబడలేదు.

అప్పుడు గుడ్డ వెనకనుంచి పొగ వచ్చింది, పొగ తరవాత ఆమె తల వచ్చింది. "ఇక్కడ మంటుంది బాబూ. అడ్డు నేకపోతే ఇలాగెట్టండి."

మేనేజరు ఆమెని లోపలికి పొమ్మని చేత్తో సైగ చేసేలోపలే ఛైర్మన్‌గారి భార్య గిన్నె కొంగుతో పట్టుకుని బయల్దేరింది. నలభైమందిమీ వెనకే. పీకేసిన పాక ఎక్కడుండేదో, ఆ మూటల మధ్య ఎవరు కాపురం ఉంటున్నారో ఛైర్మన్‌గారు అప్పుడే చూశారు. ఆమె రెండు కర్రలు ముందుకి తోసి ఊదింది. నాలుగు నిమిషాల్లో పాలు లేచి, తూర్పుకేసి ఒలికాయి. అది శుభమన్నారు. మా ఊళ్ళో నేలే సముద్రం కేసి వాలి ఉంటుంది, తూర్పుకి గాక ఎటు ఒలుకుతాయి? పొగకి ఛైర్మన్‌గారి భార్య కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, భక్తి అనుకుని ఫోటో తీశారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇంట్లో మొదటి పొయ్యి రాజేసిన మనిషిని ఇంట్లోంచి పంపకూడదు" అంది. ఎక్కడి ఆచారమో నాకు తెలియదు. ఛైర్మన్‌గారు మేనేజరు కేసి చూశారు. మర్నాడు పొద్దున్నే క్యాంటీను పనికి ఆమె పేరున ఆర్డరు టైపు చేయమని నాకే ఇచ్చాడు మేనేజరు, నా మొహం చూడకుండా. నేను మూడు నెలలు అరిచినా కానిది నాలుగు నిమిషాల పాల పొంగుకి అయింది. వాదన మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గిన రోజు అది. కొంచెమే.

పాలు పొంగిన రోజే, భోజనాల సందడిలో వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. పాయింటులో ప్లగ్గు లేదు. కాలు తగిలి ఊడిందంటే నేల మీద పడి ఉండాలి కదా. వైరు కొసని చక్కగా చుట్టలు చుట్టి, ప్లగ్గుని పైకి పెట్టి, నీళ్ళ డ్రమ్ము మూత మీద ఉంచారు. పక్కనే ఆమె పొయ్యి. పాల హడావిడిలో నలభైమందిలో ఎవరూ అటు చూడలేదు. చూశాను, అర్థమైందనుకున్నాను. ఆ ప్లగ్గు పట్టుకెళ్ళి నలుగురి ముందు చూపిస్తే నా తప్పు లేదని తేలిపోతుంది, ఆమె పని ఆ క్షణమే పోతుంది. ప్లగ్గు మళ్ళీ పాయింటులో పెట్టేసి, వెళ్ళి పులిహోర తిన్నాను. స్విచ్చి వెయ్యడం రాని మేడంగా అక్కడే ఏడేళ్ళు పనిచేశాను. ఆమెని ఒక్కసారీ అడగలేదు. అడిగితే పాపం అబద్ధం ఆడాలి.

సముద్రపు ఒడ్డున కరెంటు తయారు కాలేదు. కంపెనీ మూసేశారు, బిల్డింగు ఏదో కాలేజీకి ఇచ్చేశారు. ఆ కాలేజీ క్యాంటీనులోనే ఆమె ఉండిపోయింది. పిల్ల బడి మారకుండా పది పాసై, ల్యాబు టెక్నీషియను కోర్సు చేసి, మా సీతమ్మధారలోనే ఒక క్లినిక్కులో చేరింది. ఆ కబురు చెప్పడానికి ఆమె స్వీటు పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఇదంతా నీ సలవే తల్లీ" అంది. "ఆ దినం నువ్వు ఆ పలగ్గు పీకీకపోతే మేమెక్కడుందుము?"

నేను స్వీటు నోటి దగ్గరే ఆపేశాను. "నేనా? నువ్వు కదా పీకింది."

"అమ్మబాబోయ్. నాకు కరెంటంటే బయం, నాను ముట్టుకుంతానా? నువ్వు ఎనక్కొచ్చినావు, నాతోటి మాటాడినావు, ఎల్లిపోనావు. నాను బోరింగుకెల్లి నీల్లట్టుకొచ్చినాను. సూస్తే డ్రమ్ము మీద సుట్ట సుట్టీసుంది. అమ్మ మనకోసరం సేసింది, ఎవులికీ సెప్పకూడదని మా ఆయనక్కూడా సెప్పనేదు. ఇన్నేల్లూ కడుపులోనే దాసినాను."

ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటూ అన్నేళ్ళు గడిపామన్నమాట. నవ్వీ నవ్వీ ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం నవ్వుతోపాటు మండింది. ఆమె దాచినదాంట్లో నేనున్నాను, నేను దాచినదాంట్లో ఆమె ఉంది, మరి ఆ మూడో మనిషి ఎవరు? కాళ్ళు కడుక్కోవడానికి పంతులుగారు వెనక్కి వెళ్ళారు, అది నేను చూశాను. కాంట్రాక్టరుకి నా మీద ఉన్న కోపం బాత్‌రూము తలుపుతో తీరలేదేమో. పిల్ల ఆ రోజు బడికి వెళ్ళలేదు, లెక్కల్లో ఫస్టు, పొయ్యికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో దానికి తెలియకుండా ఉండదు. మొన్న షుగరు పరీక్షకి దాని క్లినిక్కుకి వెళ్ళి ప్లగ్గు సంగతి అడిగితే, నా చేతికి సూది గుచ్చుతూ "మీరు కదలకండి ఆంటీ" అంది.

ఆ ప్లగ్గు పీకి, వైరు అంత పొందిగ్గా చుట్టి, డ్రమ్ము మూత మీద పెట్టింది ఎవరు?