చీపురుపుల్ల గారి సగం క్షవరం

సెలూన్ ఆయన్ని వీధంతా చీపురుపుల్ల అంటారు. ఆయనకది బిరుదు. పెళ్ళప్పటి బెల్టు ఇప్పటికీ అదే చిల్లుకు సరిపోతుందని కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చూపించేవాడు. మెడకు గుడ్డ కట్టాక పాపం వాళ్ళెక్కడికి పోతారు? పొట్టల మీద పాఠం వినాల్సిందే. అందరికన్నా ఎక్కువ విన్నవాడు బావమరిది. బస్సు డ్రైవరు, మనిషి నిండు బస్తా.

"మెట్లెక్కితే ఆయాసం రాదట్రా నీకు?"

"వస్తుంది బావా. నువ్వు మొదలెడితే కూర్చున్నా వస్తుంది."

ఇన్ని చెప్పే పెద్దమనిషి ఒక్కటి మాత్రం ఇంట్లో చెప్పలేదు. కొన్నాళ్ళుగా దువ్వెన పట్టే ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి లాగుతోంది. రోజంతా చెయ్యెత్తి నిలబడే పని, లాగక చస్తుందా అనుకున్నాడు. సెలవురోజు దువ్వెన ముట్టకపోయినా మెట్లెక్కగానే లాగింది. అప్పుడు మాత్రం లోపల భయం పుట్టింది. చెబితే ఆసుపత్రి, ఆసుపత్రికెళ్తే జబ్బు, జబ్బుంటే వీధిలో పరువేం కాను? నోరు మూసుకున్నాడు.

ఒకరోజు బావమరిదికి క్షవరం చేస్తూ కుడివైపు పూర్తిచేసి ఎడమవైపుకు వచ్చాడు. దువ్వెన కింద పడింది. బావమరిది అద్దంలో చూస్తే బావ మొహం సున్నం కొట్టినట్టుంది, నుదురంతా చెమట.

"ఏమైంది బావా?"

"ఏం లేదురా, చెయ్యి పట్టేసింది. తల తిప్పకు."

"తలా లేదు, తోకా లేదు, పద!" మెడకు కట్టిన గుడ్డతోనే లేచి బావను టాక్సీ ఎక్కించాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "గుండె బయటి పొరలో కొంత కొవ్వు అందరికీ ఉంటుంది. రక్తనాళాలు దాంట్లోంచే వెళ్తాయి. అది ఎక్కువైతే దాని వాపు నాళాలకూ పాకుతుంది. లోపల పూడిక పెరగడానికి అదీ ఒక కారణం. మీకు ఒక నాళం దాదాపు మూసుకుపోయింది."

"పొరపాటేమో చూడండమ్మా. కొవ్వు వాడికి" అని బావమరిదిని చూపించాడు.

"సన్నగా ఉన్నవాళ్ళకీ ఉండొచ్చండీ. పైకి కనపడదు."

కబురందుకుని పరుగెత్తుకొచ్చిన భార్య ఏడుస్తూనే అందుకుంది. "ఊరందరి పొట్టలూ కొలిచారు, మీ నొప్పి నాకు చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"భయమేసిందే" అన్నాడు చీపురుపుల్ల.

స్టెంటు వేశారు. కొన్ని వారాలకు సెలూన్ తెరిస్తే మొదట వచ్చింది బావమరిదే. టోపీ తీశాడు. కుడివైపు పొట్టిగా, ఎడమవైపు గడ్డివాములా ఉంది.

"ఇన్నాళ్ళూ ఇలాగే బస్సు నడిపావుట్రా? ఊళ్ళో ఇంకో సెలూన్ లేదా?"

"జనం నవ్వారులే. ఇంకోడి దగ్గర కూర్చుంటే, నువ్విక రావని ఒప్పుకున్నట్టే కదా బావా."

చీపురుపుల్ల కళ్ళు తుడుచుకుని మెడకు గుడ్డ కట్టాడు. ఆ రోజు పొట్ట ఊసెత్తలేదు.

"చెయ్యి లాగితే చెప్తావా?" అనడిగాడు బావమరిది.

"చెప్తాన్రా. నీకూ, మీ అక్కకూ. తల తిప్పకు."