గోడ అవతల తిరిగిన లేతు

పోయిన వారం తిరుపతి నుంచి వచ్చిన మా ఆయన చేతిసంచి గుమ్మం దగ్గరే పెట్టి, "పక్కింటి పెదనాయన పోయినాడంట. కర్మ కూడా అయిపోయిందంట" అన్నారు. చిత్తూరికి బదిలీ అయి వచ్చేశాక అక్కడి కబుర్లు మాకు ఇలాగే, ఆలస్యంగా చేరుతున్నాయి. పొయ్యి మీద పాలు పొంగి కారిపోయాయి.

ఆయన మాకు బంధువు కాదు. తిరుపతిలో మేం అద్దెకున్న ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను పెళ్ళయి పలమనేరు నుంచి ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు తిరుపతి ఎండ, మా అత్త గొంతు రెండూ నాకు కొత్తే. ఎవరైనా పలకరిస్తే తల వంచుకోవడం తప్ప జవాబు వచ్చేది కాదు. ఒకరోజు నేను బావి దగ్గర నీళ్ళు చేదుతూ నాలో నేను గొణుక్కుంటుంటే ఆయన నా యాస విని, "ఏం అమ్మణ్ణీ, పలమనేరు బిడ్డవా? మాది కూడా ఆ పక్క పల్లెనే" అన్నారు. ఆ పూట నుంచీ ఆయన నాకు పెదనాయన, ఆయన ఇల్లాలు పెద్దమ్మ.

పెదనాయనకు రేణిగుంట రైల్వేలో పార్సిళ్ళ దగ్గర గుమాస్తా పని. పొద్దస్తమానం పొగబండ్లను చూసేవారు గానీ చేతికి తగిలేవి మూటలు, పెట్టెలు మాత్రమే. ఒక చిన్న ఆవిరి ఇంజను, అరచేతిలో పట్టేటంతదైనా సరే, సొంతంగా చెయ్యాలని ఆయన కోరిక. అందుకోసం మద్రాసులో పాత సామాన్ల అంగడి నుంచి ఒక చిన్న లేతు మిషను తెప్పించుకున్నారు. ఇనప ముక్కను మోటారు, బెల్టుతో గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం అది. దాన్ని ఒక చెక్క బల్ల మీద బిగించి, ఆ బల్లను మా రెండిళ్ళ మధ్య గోడకు ఆనించి పెట్టారు.

సెలవురోజు ఆయన దాన్ని తిప్పడం మొదలుపెడితే ఇటుపక్క మా వంటింటి అలమరలో తట్టలు, గ్లాసులు గలగలలాడేవి. మా అత్త గోడ మీద గరిటెతో కొట్టేది. ఆయన ఆపేవారు. కాసేపటికి పాపం ఆశ చావక మళ్ళీ తిప్పేవారు. అలా కొన్నాళ్ళు సాగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ గోడకు వేలాడుతున్న మా మామగారి ఫోటో జారి కింద పడింది. అద్దం పగిలి వంటింటి గడప దాకా చెదిరింది. భర్త ఫోటోకు రోజూ పూలు పెట్టనిదే ముద్ద ముట్టని మనిషి మా అత్త. ఆ రోజు ఆమె అరవలేదు. ఫోటోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. అది చూసి నాకు ఎక్కువ భయమేసింది.

చప్పుడు విని పెదనాయన పరుగున వచ్చారు. చీపురు అడిగి తీసుకుని, గాజు పెంకులన్నీ తానే ఊడ్చి ఎత్తారు. ఆ తర్వాత మా అత్త ముందు నిలబడ్డారు.

"అక్కా, తప్పయిపోయింది. అద్దం నేను కట్టించి తెస్తాను."

"అద్దం కాదప్పా. ఆ మిషనన్నా ఈడ ఉండాల, మేమన్నా ఉండాల. ఇంటి ఓనరుకు చెప్పేస్తాను."

"వచ్చే ఆదివారం దాకా ఆగక్కా. అప్పటికి ఆ వణుకు నిలపలేకపోతే నేనే దాన్ని అమ్మేస్తాను. దేవునిమీద ఒట్టు."

ఆ వారమంతా ఆయన డ్యూటీ నుంచి వచ్చీ రాగానే మిషను దగ్గర కూర్చునేవారు. ముక్కను చెక్కే ఉలి సరిగా లేక వణుకుతోందని ఆయన నమ్మకం. ఉలిని సానబట్టారు, పొట్టిగా బిగించారు, కనబడిన ప్రతి నట్టునూ తిప్పి గట్టి చేశారు. ఇటుపక్క గ్లాసులు మోగుతూనే ఉన్నాయి. శుక్రవారం పెద్దమ్మకు కరివేపాకు ఇద్దామని వెళితే ఆయన తల పట్టుకుని అరుగు మీద కనిపించారు. ఎలా వచ్చిందో నాకు ధైర్యం వచ్చింది.

"పెదనాయనా, ఒకటి చెప్పేదా? మీరు మిషను ఆపినాకనే మా గ్లాసులు ఎక్కువ మోగతాయి. తిరిగేటప్పుడు గుయ్యిమంటాయి అంతే. నిదానంగా నిలబడేటప్పుడు మాత్రం దడదడా అంటాయి."

ఆయన లేచి నిలబడ్డారు. "ఇంకోసారి చెప్పమ్మణ్ణీ."

మళ్ళీ చెప్పాను. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నా మాటను రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు.

"ఆపినప్పుడు ఉలి ముక్కకు తగలదు కదా! అయితే ఉలిది కాదు తప్పు. తిరిగేదాంట్లోనే ఏదో ఉండాది. నేను వారం దినాలు వేరే వాకిట్లో ఎతకతా ఉండాను" అని పెద్దగా నవ్వారు.

ఆదివారం పొద్దున నన్ను మా అలమర దగ్గర నిలబెట్టారు. మా అత్త ముక్కు చిట్లిస్తూ పీట వేసుకుని నా పక్కనే కూర్చుంది. ముందు ఆయన బెల్టు విప్పి మోటారు ఒక్కటే తిప్పి ఆపారు. గ్లాసులు కదల్లేదు. "లేదు పెదనాయనా" అని గోడ ఇవతల నుంచి అరిచాను. బెల్టు తగిలించి, ముక్కను పట్టి ఉంచే గుండ్రటి దిమ్మ, దాన్ని చక్ అంటారు, అది మాత్రం తీసేసి తిప్పారు. అప్పుడూ లేదు. చక్ పెట్టి తిప్పి ఆపారు. నేను నోరు తెరిచే లోపలే మా అత్త అరిచింది: "మోగతా ఉండాది! దడదడా మోగతా ఉండాదప్పా!"

"దొరికిందక్కా!" అని అటునుంచి కేక.

మేమిద్దరం ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన బెల్టు విప్పి, చక్‌ను చేత్తో తిప్పి వదిలి చూపించారు. అది కాసేపు తిరిగి, ఊగి ఊగి నిలబడింది. మళ్ళీ తిప్పినా చాక్‌పీసుతో గీత గీసిన పక్కే కిందికొచ్చి ఆగింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"బరువంతా ఈ పక్కనే ఉండాది సూడు. ఎవరో ఈ చక్ వెనకాల వేరే మిషను బిళ్ళ తగిలించినారు. పోత పోసేటప్పుడే ఒక పక్క లోపల బోలు పడిందేమో" అన్నారు. తర్వాత నాతో, "అమ్మణ్ణీ, ఒక్కొక్కటే తీసి సూడాల. అన్నిట్నీ ఒకేసారి బిగించేస్తే తప్పు యాడుండాదో ఎప్పటికీ తెలీదు" అన్నారు.

ఆ బిళ్ళను సైకిలు మీద తీసుకెళ్ళి, తెలిసిన రైల్వే ఖలాసీ దగ్గర బరువెక్కువున్న పక్క గుంతలు వేయించి, రెండు పక్కలా సమం చేయించి తెచ్చారు. బల్లను గోడకు దూరంగా జరిపి, కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టారు. సాయంత్రం కొత్త అద్దం కట్టించిన ఫోటోను తానే మా గోడకు తగిలించి వెళ్ళారు.

మా అత్త ఫోటో ఎదురుగా కూర్చుంది. నేను అలమర దగ్గర నిలబడ్డాను. చాలాసేపు ఏమీ వినబడలేదు. మా అత్తకు ఓపిక పోయింది.

"ఏమప్పా, ఇంకా మొదలుపెట్టలేదా?"

అవతల నుంచి పెద్దమ్మ నవ్వు వినిపించింది. "తిరిగి, ఆగిపోయింది కూడా వదినా!"

మా అత్త ఫోటో వైపు చూసి, "విన్నారా" అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "కాఫీ పెట్టు. పెద్ద గ్లాసులో తీసకపోయి ఇయ్యి ఆయనకు. నీ చెవులు గూడా మంచివే" అంది. నా గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అది.

ఆవిరి ఇంజను తయారు కావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఎన్నో ముక్కలు పాడు చేసుకున్నారు. ఆయనలో విసుగు మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. "ఇనుముతో పని అమ్మణ్ణీ, కోపంగా తాకితే కోపంగానే పలుకుతాది" అనేవారు. చివరికి ఒక ఉదయం అరుగు మీద ఇంజను కింద స్పిరిట్ దీపం వెలిగించారు. నిమ్మకాయంత చక్రం టకటకా తిరుగుతుంటే వీధి వీధంతా చేరింది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇది యాడికి పోతాదప్పా?"

"యాడికీ పోదక్కా. ఈడనే తిరగతాది."

"ఇంత పాటు ఎందుకు పడినావు మరి?"

"తిరగతా ఉంటే సూడాలని" అన్నారాయన. చూపు మాత్రం ఆ చక్రం మీది నుంచి తిప్పలేదు.

మా అత్త పోయినప్పుడు పెదనాయన కబురందగానే దొరికిన బస్సుకే చిత్తూరు వచ్చి, పాడె ఒక కొమ్ము మోసి వెళ్ళారు. ఆ తర్వాత కూడా, మా ఇంట్లో మాటా మాటా పెరిగి ఎవరి తప్పో తెలియనప్పుడల్లా నాకు ఆయన చెప్పిన పద్ధతే గుర్తొచ్చేది. అన్నీ కలిపి పోట్లాడడం మానేసి ఒక్కొక్కటే విడదీసి చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ మాట ఆయనతో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మొన్న పెద్దమ్మను చూడడానికి వెళ్ళాం. పొద్దుటి పూట. ఆమె అరుగు ఊడుస్తోంది. నన్ను చూసి తల ఊపింది గానీ చీపురు వదల్లేదు. రాళ్ళ సందులో ఏదో ఎండకు తళుక్కుమంది. లేతు చెక్కి వదిలిన ఇనప తీగ, వెంట్రుకంత సన్నగా ఉంగరాలు తిరిగి ఉంది. ఆమె చీపురు అక్కడ ఆగింది. తర్వాత దాని చుట్టూ నిదానంగా ఊడ్చుకుంటూ, దాన్ని మాత్రం కదిలించకుండా, ముందుకు వెళ్ళిపోయింది.